పదిహేడో నంబరు బూట్లు

కర్నూలు మునిగిన ఏడాది అది. తుంగభద్రా హంద్రీ రెండూ ఒకటై వన్‌టౌన్ వీధుల్లోకి వచ్చి, మిద్దెల మీదికెక్కిన జనాన్ని కిందికి దిగనీయని ఏడాది. నీళ్ళు తీసిన తర్వాత పెద్దయ్యకు మిగిలినవి ఒంటిమీది పంచె, చొక్కా, ఒక జత కిర్రు చెప్పులు. గోడలు నిలబడ్డాయి గానీ ఇంట్లో నీళ్ళు ముంచుకోవడానికి చెంబు కూడా లేదు. కూతురు కోటేశ్వరి సింగపూరు నుంచి విమానమెక్కి వచ్చి, మోకాలిలోతు బురదలో నిలబడి చూసింది.

"ఇంక నువ్వు ఈడ ఉండేది లేదు నాయనా. లెయ్, పోదాం."

పెద్దయ్య లేచాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు. మొదటినుంచీ ఆయన మాట పొదుపు. మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మూటలు మోసే రోజుల్లో "ఈయన నోట్లోంచి మాట దించేకంటే లారీ మీంచి లోడు దించడం సులువు" అని తోటి హమాలీలు నవ్వుకునేవారు. చదువు మూడో తరగతితో ఆగిపోయింది. కూతుర్ని మాత్రం ఆపలేదు. కంప్యూటర్ చదివిన పిల్లలను దేశదేశాలు పిలుచుకుపోతున్న కాలంలో కోటేశ్వరి కూడా ఆ గాలికి లేచి, హౌగాంగ్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు దాకా వచ్చింది. అల్లుడు పృథ్వీది గుంటూరు వైపు. ఒకే కంపెనీ, ఒకే బ్యాంకు పని, ఇద్దరిదీ ఒకే తలనొప్పి.

ఫ్లాటులో గదులు మూడు. ఒకటి కూతురూ అల్లుడిది, ఒకటి పెద్దయ్యది. మూడోది అద్దెకిచ్చారు. అద్దెకు వచ్చినవాడు వాకిలి దగ్గర నిలబడితే తల కనబడలేదు. మెడ వంచి, నడుం వంచి, గడప దాటి, లోపలికి వచ్చాక నిటారుగా లేచాడు. ఫ్యాను రెక్క చూసి మళ్ళీ వంగాడు. నల్లటి మనిషి, నవ్వు మొహం, ఎవరినైనా "సర్" అంటాడు.

డెవిన్ ఫోంటెనో అని పేరు. పెద్దయ్య నాలుక దానికి తిరగలేదు. రెండో పూటకే అతను దేవన్న అయిపోయాడు. కర్నూలు పక్క వీధికొక దేవన్న ఉంటాడు. ఇంత పొడుగు దేవన్నను మాత్రం ఆయన చూడలేదు.

రాత్రి అన్నాల దగ్గర పృథ్వీ చెప్పాడు. "మామా, ఈయన బాస్కెట్‌బాల్ ప్లేయరు. ఆటే ఉద్యోగం."

"ఆటాడితే జీతమా?"

"జీతమే. కాకపోతే మాలాగే కాంట్రాక్టు మీద. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే తిండి. బెంచి మీద కూచోబెట్టారంటే ఇక సంచి సర్దుకోవాలి. అది కూడా మాలాగే."

"నీ జోకులు ఆపి ఆయనకు పప్పు వడ్డించు" అంది కోటేశ్వరి.

అతని సంగతి ఒక్కొక్క ముద్దకు కొంచెంగా బయటికి వచ్చింది. అమెరికాలో పెద్ద లీగు ఒకటుంది, దాంట్లో చోటు దొరకడం లక్షల్లో ఒకడికి. డెవిన్ చిన్న కాలేజీలో ఆడాడు. పెద్ద లీగువాళ్ళెవరూ పిలవలేదు. పిలవకపోతే ఏం, బంతి గుండ్రంగా ఉన్న ప్రతి దేశంలోనూ ఆట ఉంటుందనుకుని బయలుదేరాడు. మెక్సికోలో ఒక ఎండల ఊరు. అక్కడ బుట్ట కింద కుక్కలు పడుకునేవట, వాటిని లేపి ఆట మొదలుపెట్టేవారట. తర్వాత హంగరీలో చలి ఊరు. ఆ క్లబ్బు నడి సీజన్లో మూతపడింది. ఇప్పుడు సింగపూరు. ఇక్కడి క్లబ్బు చిన్నది. బయటి దేశం వాళ్ళను ఇద్దరినే ఆడించాలని లీగు నియమం. ఒకడు పాతుకుపోయాడు. రెండో చోటు డెవిన్‌ది, అదీ నెలకు నెల.

పెద్దయ్య అంతా విన్నాడు. చివర్లో ఒకటే అడిగాడు. "వాండ్లమ్మ యాడుంది?"

డెవిన్‌కు పృథ్వీ ఇంగ్లీషులో చెప్పాడు. డెవిన్ చెంచా కింద పెట్టి, "హ్యూస్టన్, సర్" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. ఆ పొదుపు పెద్దయ్యకు నచ్చింది.

నచ్చనిది ఒకటే. బూట్లు.

డెవిన్ బయటికి రబ్బరు చెప్పులేసుకుని వెళతాడు. ఆట బూట్లు సంచిలో మోసుకెళ్ళి, అక్కడ తొడుక్కుని, ఆడి, తుడిచి, మళ్ళీ సంచిలో ఇంటికి తెస్తాడు. తెచ్చి తన గదిలో గోడవార అలమరా మీద పెడతాడు. ఆ గోడకు ఇవతలి పక్క కోటేశ్వరి దేవుడి పటాలున్నాయి. వెంకటేశ్వరస్వామి పాదాలు ఎంత ఎత్తులో ఉన్నాయో అవతల ఆ బూట్లూ సరిగ్గా అంతే ఎత్తు. నడుమ ఇటుక మందం.

ఇది మొదట పెద్దయ్యకే తట్టింది. దీపం వెలిగించడానికి నిలబడితే చాలు, ఆయన కళ్ళకు గోడ కనబడేది కాదు, బూట్లు కనబడేవి. ఒకరోజు డెవిన్ నిద్రపోతున్నప్పుడు మెల్లగా తీసుకెళ్ళి బయట కారిడారులో, అందరి చెప్పుల వరసలో పెట్టాడు. ఆ వరసలో అవి పసిపిల్లల పక్కన పెద్దమనుషుల్లా ఉన్నాయి. సాయంత్రం డెవిన్ చూసి లోపలికి తెచ్చుకున్నాడు. మర్నాడు పెద్దయ్య మళ్ళీ బయట పెట్టాడు. డెవిన్ మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు, పోట్లాడుకోలేదు. ఇంటి గడియారంలాగా ఆ పని జరిగిపోతుండేది.

"నాయనా, ఆయన షూస్ జోలికి పోవద్దు" అని కోటేశ్వరి ఒకసారి పట్టుకుంది. "అవి రోడ్డు తొక్కినవి కావు. చెక్క నేల తప్ప వేరే నేల ఎరగవు. నీ కాళ్ళకంటే క్లీన్."

"కాలికి తొడిగేది కాలికి తొడిగేదే."

"సైజు పదిహేడు నాయనా అవి. ఈ ఊర్లో యాడా దొరకవు. పోగొట్టినావంటే ఆయప్ప పనే పోతుంది."

"నేనేం తింటానా వాటిని" అన్నాడు పెద్దయ్య. అది ఆయనకు ఆ వారానికి పెద్ద ప్రసంగం.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. సింగపూరు వాన చెప్పి రాదు, కుండ బోర్లించినట్టు వస్తుంది. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. పెద్దయ్య కిటికీ దగ్గర నిలబడి కింద కాలువ వైపు చూస్తున్నాడు. నీళ్ళు ఎంతదాకా వచ్చాయి, ఎంతదాకా వచ్చాయి అని చూడటం ఆయనకు అలవాటైపోయింది. డెవిన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. అతను కూడా కాలువనే చూశాడు.

కాసేపయ్యాక డెవిన్ పెద్దయ్య వైపు వేలు చూపి, "హోమ్?" అన్నాడు. కళ్ళతో వానను చూపించాడు. కోటేశ్వరి ఎప్పుడో చెప్పి ఉంటుంది.

పెద్దయ్య గోడ దగ్గరికి నడిచాడు. అరచెయ్యి చాచి నడుము దగ్గర పెట్టాడు. మెడ దాకా ఎత్తాడు. తల మీదికి ఎత్తాడు. ఇంకా చాలక స్టూలు లాక్కుని ఎక్కి, పైకప్పుకు జానెడు కింద ఆపాడు. ఇంత. ఇంతొచ్చింది.

డెవిన్ ఆ చేతిని చూశాడు. తర్వాత తనూ గోడకు చేరగిల పడి, తన అరచేతిని తన తల మీదుగా గోడకు ఆనించాడు. పెద్దయ్య స్టూలు మీద ఉన్నా ఇద్దరి చేతులూ దాదాపు ఒక్క ఎత్తులో నిలిచాయి.

"న్యూ ఆర్లియన్స్" అన్నాడు డెవిన్. "మై హౌస్."

ఊరి పేరు పెద్దయ్యకు తెలియదు. నీళ్ళు తెలుసు. స్టూలు దిగి, వాకిలి దాకా పోయి, చెప్పుల వరసలోంచి తన కిర్రు చెప్పులు చేత్తో తీసి చూపించాడు. వన్‌టౌన్‌లో కుట్టించినవి. ఆముదం పెట్టి పెట్టి తోలు నల్లబడింది. మిద్దె ఎక్కేటప్పుడు జారకుండా వాటిని నడుముకు కట్టుకున్నాడు. చెప్పులు చూపించి, వేలొకటి ఎత్తి, రెండో చేతిని ఖాళీగా తిప్పాడు. ఇవొక్కటే, మిగతాదంతా పోయింది.

డెవిన్ తలాడించాడు. వంటింట్లోకి వెళ్ళి ఇద్దరికీ టీ కాచాడు. చక్కెర వేయడం మర్చిపోయాడు. పెద్దయ్య చెప్పకుండా తాగాడు.

ఆ తర్వాత పొద్దున్నే "దేవన్నా, తిన్నావా?" అనడం పెద్దయ్యకు అలవాటైంది. "తిన్నా, అంకుల్" అనడం డెవిన్‌కు అలవాటైంది, తినకపోయినా సరే. అయితే స్నేహం స్నేహమే, దేవుడి గోడ దేవుడి గోడే. బూట్లు బయటికి పోవడం, లోపలికి రావడం ఆగలేదు.

ఇంతలో శనివారం మ్యాచి సంగతి వచ్చింది.

"ఈ మ్యాచి అయ్యాక తేలుస్తారంట మామా" అన్నాడు పృథ్వీ. "ఉంచుకుంటారా, సెర్బియా నుంచి ఇంకో పొడుగాయన్ని దింపుతారా అని. ఇక్కడ కూడా కాదంటే బంతి వదిలేసి వాళ్ళ మావయ్య దగ్గర లారీ తోలుకుంటానంటున్నాడు."

"లారీ తోలేదీ పనే కదా."

"పనే మామా. కానీ వీడికి చిన్నప్పటినుంచీ ఇది తప్ప వేరే ఆశ లేదు. రెండు దేశాలు తిరిగి, మూడో దేశం వచ్చింది అందుకేగా. పైగా పాత జత పోయినవారం అరికాలి దగ్గర నోరు తెరిస్తే పారేశాడు. ఒక్క జత మీద నెట్టుకొస్తున్నాడు పాపం."

శుక్రవారం పొద్దున కోటేశ్వరి ఆఫీసుకు పోతూ చెప్పింది. "నాయనా, పాత పేపర్లు కట్టగట్టి బయట పెట్టు. కరంగ్‌గుని ఆయన వస్తాడు." కరంగ్‌గుని అంటే ఆ ఊళ్ళో పాత సామాన్లవాడు. బండి తోసుకుంటూ, రబ్బరు బూర పాం పాం అని నొక్కుకుంటూ బ్లాకు బ్లాకుకూ తిరుగుతాడు. పాత పేపర్లు, పాత బట్టలు, చెడిపోయిన రేడియోలు, ఏది బయట పెడితే అది తీసుకుపోతాడు.

పెద్దయ్య పేపర్లు దొంతి పేర్చి పురికొసతో బిగించాడు. మూట కట్టడం ఆయనకు చెయ్యి తిరిగిన పని. తీసుకెళ్ళి కారిడారులో పెట్టాడు. డెవిన్ పొద్దుటి ప్రాక్టీసు చేసి వచ్చి పడుకున్నాడు. బూట్లు అలమరా మీద ఉన్నాయి. రోజూలాగే పెద్దయ్య వాటిని కూడా బయటికి తెచ్చాడు. అప్పటికే వాన మొదలై జల్లు ఏటవాలుగా కారిడారులోకి కొడుతోంది. నేల తడిగా ఉంది. తడి నేల మీద పెడితే పిల్లోడి బూట్లు నానిపోతాయి. అటూ ఇటూ చూసి, పొడిగా, ఎత్తుగా ఉన్న పేపర్ల కట్ట మీద వాటిని జాగ్రత్తగా పెట్టాడు. పెట్టి స్నానానికి వెళ్ళాడు.

తలుపు వేసిన స్నానాలగదిలోంచి బూర వినబడింది. స్నానమయ్యాక చూస్తే కట్ట లేదు, బూట్లూ లేవు. పేపర్లు బండివాడు తీసుకున్నాడు, బూట్లు ఎప్పటిలాగే దేవన్న లోపలికి తీసుకున్నాడు అనుకున్నాడు. దీపం వెలిగించి కూర్చున్నాడు. దేవన్న సాయంత్రం లేచి, అలమరా ఖాళీగా ఉంటే, ఎప్పటిలాగే బయటున్నాయిలే, పొద్దున తెచ్చుకుందాం అనుకున్నాడు.

శనివారం పొద్దెక్కాక డెవిన్ సంచి సర్దుకోబోతే తెలిసింది. గది వెతికాడు, కారిడారు వెతికాడు. మంచం కిందికి దూరాడు. కాళ్ళు మాత్రం బయట ఉండిపోయాయి. కోటేశ్వరీ పృథ్వీ ఇద్దరూ ఆఫీసులో ఉన్నారు. బ్యాంకు కొత్త సాఫ్ట్‌వేరు రిలీజు పడితే వాళ్ళకు శనివారం లేదు, ఆదివారం లేదు. డెవిన్ కోటేశ్వరికి ఫోను చేసి, ఫోను పెద్దయ్య చేతికిచ్చాడు.

"నాయనా, ఆయన షూస్ యాడ పెట్టినావు?"

పెద్దయ్యకు అప్పటికే అర్థమైంది. కారిడారు వైపు చూశాడు.

"నాయనా!"

"పేపర్ల మీద పెట్టినా" అన్నాడు. "వాన కొడ్తాంటే... తడుస్తాయని."

అవతల కూతురు ఊపిరి వినబడింది. "అయ్యో నాయనా. వాడు అవి కూడా పారేసినవే అనుకున్నాడు. నేను రాలేను, రిలీజు మధ్యలో ఉన్నా. ఫోను ఆయనకియ్యి."

ఆమె చెబుతుంటే డెవిన్ విన్నాడు. విన్నాక మంచం అంచున కూలబడ్డాడు. కోపం తెచ్చుకోలేదు. క్లబ్బు మేనేజరుకు ఫోను చేశాడు, తోటి ఆటగాళ్ళకు చేశాడు. ఊళ్ళో దొరికే అన్నిటికన్నా పెద్ద సైజులో కూడా అతని కాలు సగమే దూరుతుంది. చివరికి ఫోను పక్కన పెట్టి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. అంత పొడుగు మనిషి అంత చిన్నగా అయిపోతాడని పెద్దయ్య అనుకోలేదు.

దేవన్న కోప్పడి ఉంటే పెద్దయ్య ఓర్చుకునేవాడు. అలా కూలబడితే చూడలేకపోయాడు. వెళ్ళి కిర్రు చెప్పులేసుకుని, ఇంటి వాకిట్లో నిలబడి, "దేవన్నా, లెయ్. రా" అన్నాడు.

బ్లాకు కింద చెల్లప్పన్ చిల్లర కొట్టుంది. తాతల కాలంలో వచ్చిన తమిళాయన. కొట్టుకొచ్చే తెలుగువాళ్ళ దగ్గర కాస్త తెలుగు పట్టాడు. పెద్దయ్య రోజూ పాల ప్యాకెట్టు తీసుకుని మాట లేకుండా పోయేవాడు. ఆ రోజు నేరుగా గల్లా దగ్గరికి వెళ్ళాడు.

"అప్పా, నిన్న బూర ఊదుకుంటా వచ్చినోడు యాడుంటాడు?"

చెల్లప్పన్ చేతిలోని డబ్బా కింద పెట్టాడు. "అయ్యయ్యో, పెద్దాయన మాట్లాడతాడే! నేను మూగాయన అనుకున్నానే!"

"మాట్లాడతా. వాడు యాడుంటాడు?"

"కరంగ్‌గుని ఆయనా? ఇల్లు తెల్దు. సామానంతా సుంగై రోడ్ సంతలో పాత సరుకులోళ్ళకు వేసేస్తాడు. మధ్యానం పైనే సంత. ఏం పోయింది?"

పెద్దయ్య డెవిన్ కాళ్ళ వైపు చూపించాడు. చెల్లప్పన్ గల్లా మీదుగా వంగి చూశాడు. "మురుగా! ఆ సైజు దాచిపెట్టలేరు లెండి. దొరుకుద్ది. పోండి, పోండి."

రైలెక్కి లిటిల్ ఇండియాలో దిగి నడిచారు. సంత వీధి పొడుగునా నేలమీద పట్టాలు పరిచి ఉన్నాయి. ఆగిపోయిన గడియారాలు, తీగలు తెగిన ఫోన్లు, ఎవరి పెళ్ళివో ఫోటోల చట్రాలు, చెవి విరిగిన కప్పులు. పెద్దయ్యకు తమ ఇంటి సామానంతా బురదలో ఇలాగే పరుచుకుని ఉండటం గుర్తొచ్చింది. ఆయన కళ్ళు నేలను వెతుకుతూ పోయాయి. డెవిన్ కళ్ళు జనం తలల మీదుగా దూరం వెతికాయి. ఒకరు కిందా, ఒకరు పైనా.

ప్రతి పట్టా దగ్గరా పెద్దయ్య ఆగి, రెండు చేతులూ ఇంత పొడుగున చాచి, "బూట్లు" అని అడిగాడు. తెలుగులోనే అడిగాడు. కొందరు తల అడ్డంగా తిప్పారు. ఒకామె ఆయన చేతుల కొలత చూసి ఎండుచేప కావాలనుకుందో ఏమో, చేపల కొట్టు వైపు చూపించింది. ఏడాది మాటలు ఆ ఒక్క మధ్యాహ్నమే ఖర్చయ్యాయి.

వీధి చివర మలుపులో జనం గుంపుగా నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. డెవిన్ ముందు చూశాడు. "అంకుల్!" అని అరిచాడు.

బనీను వేసుకున్న చైనా ముసలాయన మడత కుర్చీలో కూర్చున్నాడు. ముందు పాత గొడుగుల అంగడి. రెండు బూట్లనూ మూలకు ఆనించి నిలబెట్టి, వాటిలో గొడుగులు గుచ్చాడు, కూజాలో పూలు పెట్టినట్టు. జనం బూట్లు చూడటానికి ఆగుతున్నారు, ఆగినవాళ్ళు గొడుగు కొంటున్నారు.

డెవిన్ గొడుగులు తీసి బూటులో కాలు పెట్టాడు. అచ్చంగా సరిపోయింది. గుంపు చప్పట్లు కొట్టింది. ముసలాయన కూడా కొట్టాడు. కానీ డెవిన్ పర్సు తీయగానే చెయ్యి అడ్డంగా ఊపాడు. "కెనాట్ లా! నో సెల్. దిస్ వన్ మై లక్కీ." అమ్మడట. ఒక్క పూటలో ఇంత బేరం ఎన్నడూ కాలేదట. అదృష్టాన్ని ఎవడైనా అమ్ముకుంటాడా అని మొహం పెట్టాడు.

డెవిన్ బతిమాలాడు. మణికట్టు మీద వేలితో కొట్టి ఆటకు వేళవుతోందని చూపించాడు. ముసలాయన జాలిగా నవ్వి, తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు పెద్దయ్య ఒక అడుగు ముందుకేశాడు. కిర్రుమంది.

ముసలాయన తల తిప్పాడు. పెద్దయ్య కాళ్ళ వైపు చూశాడు. ఇంకోసారి నడవమని వేళ్ళతో సైగ చేశాడు. పెద్దయ్య నడిచాడు. కిర్రు, కిర్రు. ముసలాయన కుర్చీలోంచి లేచి, నేలమీద కూర్చుని, ఆ తోలును బొటనవేలితో నొక్కి, కుట్టు మీద గోరు నడిపించి, వంగి వాసన కూడా చూశాడు. అతని కుర్చీ పక్కన చెప్పులు కుట్టే ఆరె, మైనం పూసిన దారం ఉన్నాయని పెద్దయ్య అప్పుడే గమనించాడు. ముసలాయన బూట్లు చూపించాడు, చెప్పులు చూపించాడు. రెండు వేళ్ళు అటూ ఇటూ మార్చాడు.

డెవిన్‌కు అర్థమైంది. "నో" అన్నాడు. "నో, అంకుల్. నో." గోడ మీద ఆ అరచెయ్యి, ఆ ఖాళీ చెయ్యి అతనికి గుర్తున్నాయి. తొడిగిన బూటు విప్పేసి, పెద్దయ్య భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

పెద్దయ్య ఆ చేతిని మెల్లగా తీసేశాడు.

"దేవన్నా, ఇను. చెప్పులు మళ్ళీ కుట్టిచ్చుకుంటా. మా ఊళ్ళో కుట్టేటోడు ఇంకా ఉండాడు. నీ ఆట ఎవడు కుట్టిస్తాడు?"

ఒక్క ముక్కా డెవిన్‌కు తెలియదు. అయినా వాదించలేదు. పెద్దయ్య చెప్పులు విడిచి, దులిపి, జతగా పెట్టి రెండు చేతులతో ఇచ్చాడు. ముసలాయన కూడా రెండు చేతులతో తీసుకున్నాడు. బూట్లను బనీనుతో తుడిచి ఇచ్చాడు.

సింగపూరు ఎండకు కాలిబాట పెనంలా ఉంది. పెద్దయ్య పంచె ఎత్తిపట్టి గబగబా అడుగులేశాడు. రెండు చెట్లు దాటేసరికి డెవిన్ ఆగిపోయి, తన రబ్బరు చెప్పులు విడిచి ఆయన ముందు పెట్టాడు. తను సంచిలోని సాక్సులు తొడుక్కుని వాటి మీదే నడిచాడు, ఆట బూట్లు మాత్రం రోడ్డుకు తొడగలేదు. పెద్దయ్య ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఒక్కో కాలూ తుంగభద్రలో పుట్టి పడవ ఎక్కి కూర్చున్నట్టుంది. టపాటపా కొట్టుకుంటూ నడిచాడు. రైల్లో ఎదుటి సీటు చిన్నపిల్ల అదే చూస్తూ స్టేషను దిగడం మర్చిపోతే, వాళ్ళమ్మ చెయ్యి పట్టి లాగింది.

ఆట జరిగే హాలు చల్లగా ఉంది. ఈల మెడలో వేసుకున్న మేనేజరు గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. డెవిన్‌ను చూసి ఏదో అరిచాడు, బూట్లు చూసి సగంలో ఆపాడు, పెద్దయ్య కాళ్ళు చూసి పూర్తిగా నోరు మూశాడు. పెద్దయ్యను ముందు వరసలో కూర్చోబెట్టారు.

ఆట ఆయనకు తెలియదు. బంతి బుట్టలో పడితే మంచిదని మాత్రం తెలుసు. మొదట్లో దేవన్న చేతికి ఏదీ అందలేదు. బంతి జారిపోయింది, ఒకసారి అవతలివాడికే అందించాడు. మేనేజరు పిలిచి బెంచి మీద కూర్చోబెట్టాడు. బెంచి అంటే ఏమిటో అల్లుడు చెప్పిన మాట పెద్దయ్యకు మనసులో మెదిలింది. చెప్పులు పోయినప్పుడు కూడా అంత బాధ లేదు.

దేవన్న బెంచి మీదినుంచి ఇటు చూశాడు. ఏం చెయ్యాలో పెద్దయ్యకు తోచలేదు. అరవడం ఆయన వల్ల కాదు. కాలు పైకెత్తి, ఆ పెద్ద చెప్పుతో నేలమీద టపామని కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. పక్కనున్న చైనా కుర్రాళ్ళకు అది నచ్చి వాళ్ళూ కాళ్ళు కొట్టారు. వాళ్ళ వెనక వరసా కొట్టింది. కాసేపటికి హాలు చెక్క మెట్లన్నీ దడదడలాడాయి. దేవన్న నవ్వాడు. మళ్ళీ లోపలికి పిలిచినప్పుడు వేరే మనిషిలా లేచాడు.

తర్వాత పెద్దయ్యకు గుర్తున్నది కొంచెమే. బుట్ట కింద దేవన్న గోడలా నిలబడ్డాడు. అవతలివాళ్ళు వేసిన బంతిని గాల్లోనే ఆపాడు, ఆపి తను వేయకుండా పొట్టి కుర్రాడొకడికి విసిరాడు. ఆ కుర్రాడు వేశాడు. అలా మళ్ళీ మళ్ళీ జరిగింది. అయినా గెలవలేదు, ఒక్క బుట్ట తేడాతో ఓడారు. బోర్డు మీద అంకెలు చూసి పెద్దయ్య తల దించుకున్నాడు. చెప్పులిచ్చినా పిల్లోడి పని పోయిందనుకున్నాడు.

మేనేజరు దేవన్నను పక్కకు తీసుకెళ్ళాడు. చాలాసేపు మాట్లాడాడు. ఒకసారి ఆ పొట్టి కుర్రాణ్ణి చూపించాడు, ఒకసారి బుట్టను చూపించాడు. తర్వాత చెయ్యి చాచాడు. దేవన్న ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

చెమటతో తడిసి, ఆయాసపడుతూ పెద్దయ్య దగ్గరికి వచ్చాడు. చెప్పడానికి తెలుగు లేదు. ఇంగ్లీషు చెబితే ఈయనకు అందదు. అరచెయ్యి చాచి తన తల మీదికి ఎత్తాడు, గోడ మీద చూపించినంత ఎత్తుకు. అక్కడినుంచి మెల్లగా దించాడు. మెడ దాకా, నడుము దాకా, మోకాలి దాకా. వంగి, చెక్క నేలకు ఆనించాడు.

నీళ్ళు తీశాయి.

పెద్దయ్యకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. అతని తడి తలమీద చెయ్యి పెట్టాడు. వంగి ఉన్నాడు కాబట్టి అందింది. "తిన్నావా?" అన్నాడు.

"తినలేదు, అంకుల్" అన్నాడు డెవిన్. నిజం చెప్పడం అదే మొదటిసారి.

సీజను ముగిసేదాకా ఉంచుకుంటారని, సెర్బియా ఆయన రావడం లేదని, పక్కవాళ్ళకు బంతి అందించే మనిషి దొరకడమే కష్టమని మేనేజరు అన్నాడని పృథ్వీ రాత్రి విప్పి చెప్పాడు. కోటేశ్వరి తండ్రి కాళ్ళ వైపు చూసి ఆయన కంచంలో నెయ్యి ఇంకాస్త వేసింది.

ఆదివారం పొద్దున్నే పెద్దయ్య లేచి వాకిలి తలుపు తీశాడు. కారిడారులో చెప్పుల వరస ఉంది. కిర్రు చెప్పులుండే చోట ఆ బూట్లు ఉన్నాయి. ఆయన పెట్టలేదు. ముందు రాత్రి దేవన్నే తెచ్చి, జతగా, మడమలు గోడకు ఆనించి పెట్టాడు. ఇంకా చెమట ఆరలేదు. పక్క బ్లాకు వైపునుంచి పాం పాం అని బూర వినబడుతోంది.

పెద్దయ్య వంగి రెండు బూట్లనూ రెండు చేతులతో ఎత్తుకున్నాడు. హాల్లో కోటేశ్వరి కాఫీ గ్లాసుతో ఎదురొచ్చింది.

"నాయనా! నువ్వే ఇంట్లోకి తెస్తాండావా?"

"తడి ఉండాయి" అన్నాడు.

దేవుడి పటాల ముందునుంచే నడిచి, దేవన్న గదిలోకి వెళ్ళాడు. దేవన్న మంచం దాటిన కాళ్ళతో నిద్రపోతున్నాడు. అలమరా మీద పాత పేపరు ఒకటి పరిచి, దాని మీద బూట్లు పెట్టి, నాడాలు వదులు చేసి, నాలుకలు బయటికి లాగి, గాలి తగలడానికి కిటికీ తెరిచాడు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి దీపం వెలిగించాడు.